చెలమ దగ్గర చెప్పిన కథ

అనగనగా ఒక కొండ అడవిలో ఒక ఆచారం ఉండేది. పిల్లలు మొదటిసారి ఎగిరే రోజున తల్లి పక్షి వాటికి ఆ అడవి కథ చెప్పాలి. అందరూ చుట్టూ చేరి వింటారు. కథలో పేరున్న జాతికే చెలమలో నీళ్లు.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. ఒక్క చెలమే మిగిలింది. కథ చెప్పే వంతు శ్యామల అనే గోరువంకకు వచ్చింది.

ముందురోజు అడవికి పెద్ద అయిన కొండముచ్చు వచ్చింది. "అమ్మాయ్, పావురాల ఊసెత్తకు. అవి పరాయి గద్దల వెంట వచ్చినవి. ఆ గద్దలు మీ తాతల గూళ్లు పీకలేదా?"

"పీకాయి పెద్దయ్యా," అంది శ్యామల. అది నిజమే మరి.

తర్వాత కౌజుపిట్ట వచ్చింది. "గొడవలెందుకమ్మా? మనమంతా ఎప్పుడూ అన్నదమ్ముల్లా ఉన్నామని చెప్పెయ్. సరిపోతుంది."

చివరికి ముసలి పావురం ఖైరున్ వచ్చింది. దాహంతో గొంతు పెగలడం లేదు. "మమ్మల్ని మంచివాళ్లమని చెప్పమనను బిడ్డా. ఉన్నామని చెప్పు, చాలు."

శ్యామల ఆ రాత్రంతా ఆలోచించింది. పావురాల పేరు వదిలేస్తే వాటి పిల్లలు దప్పికతో పోతాయి. చెబితే కొండముచ్చు ఊరుకోదు.

మర్నాడు అందరి ముందూ నోరు విప్పింది.

"పిల్లలూ, గద్దలు మన గూళ్లు పీకాయి. కొన్ని పావురాలు చూస్తూ ఊరుకున్నాయి. ఆ కోపంతో మనవాళ్లు ఏ పాపం ఎరుగని పావురాల గుడ్లు పగలగొట్టారు. తర్వాత కార్చిచ్చుకు కొండంతా బూడిదైంది. పావురాలు దూరం నుంచి గింజలు తెచ్చి చల్లాయి. మొలకలకు పురుగు పట్టకుండా మనవాళ్లు కాపాడారు. ఇప్పుడు మీరు కూర్చున్న చెట్టు అలా మొలిచిందే."

"ముందు వచ్చింది మీరు కాదా?" గద్దించింది కొండముచ్చు.

శ్యామల కొండముచ్చు వైపు తిరిగింది. "మేమే పెద్దయ్యా. ముందు వచ్చినవాళ్లకు కథలో మొదటి మాట దక్కుతుంది. చివరి మాట కాదు."

కథలో పావురాల పేరు చేరిపోయింది. ఆచారాన్ని కొండముచ్చు కూడా కాదనలేదు. చెలమకు అడ్డంగా కూర్చున్నది లేచి పక్కకు జరిగింది.

"అమ్మో, నీకెంత ధైర్యమే!" అంది కౌజు.

"రా అత్తా, ముందు నీ మనవలను తాగనీ," అని ఖైరున్‌ను పిలిచింది శ్యామల.

ఖైరున్ కళ్లు చెమర్చాయి. "గుడ్ల సంగతి మా పిల్లలకు మేమూ చెప్పలేదు బిడ్డా, పగ పెంచుకుంటారని. మొలకల సంగతితో కలిపి ఇక చెప్తాం."

నీతి: గతాన్ని దాచకుండా, వంకర తిప్పకుండా చెప్పుకున్నవాళ్లే ఒక గడ్డను మనది అనుకుని కలిసి బతకగలరు.