గిల్లయ్య దాచిన ఆకు

అనగనగా ఒక అడవిలో, వాగు ఒడ్డున, ఒక గులాబీ తోట ఉండేది. అడవిలో గులాబీ తోటేమిటి అంటారేమో. తోటమాలి ఉంటే తోట ఉండదా? ఆ తోటమాలి గిల్లయ్య అనే పీత. మనం కత్తెర కొనుక్కోవాలి. ఆయన రెండు కత్తెరలతోనే పుట్టాడు.

గిల్లయ్య అంటు కట్టడంలో గట్టివాడు. మంచి గులాబీ కొమ్మ మీద చిగురు పుట్టే చోట చిన్న కన్ను ఉంటుంది. దాన్ని తొక్కతో సహా కోసేవాడు. అడవి గులాబీ కాండానికి చీలిక పెట్టి, ఆ కన్నును అందులో కూర్చోబెట్టి, నారతో కట్టేవాడు. పది కడితే పదీ బతికేవి. ఆ సంగతి ఎవరూ అడక్కపోయినా ఆయనే చెప్పుకునేవాడు.

తోట నడుమ ఒక పెద్ద మొక్క ఉండేది. గిల్లయ్య వాళ్లమ్మ నాటిన మొక్క. వెడల్పాటి రేకులు, నడుమ దండిగా పుప్పొడి. గట్టు మీద ఇంకో మొక్క ఉండేది కానీ, దాని పూలు చిన్నవి, రంగు వెలవెల. గిల్లయ్య దాని మొహమే చూసేవాడు కాదు.

ఒక ఏడాది చలి వెనకబడుతున్న రోజుల్లో, పెద్ద మొక్క ఆకు మీద పసుపు గీతలు కనబడ్డాయి. చెయ్యి తిరగని పిల్ల ముగ్గు పెట్టినట్టు వంకరటింకరగా ఉన్నాయి. మొదట చూసింది నత్తమ్మ. ఆ తోటలో ఆమె పాకని ఆకు లేదు. ఆమె గిల్లయ్యను పిలిచి చూపించింది.

"ఇది పురుగు కాదు, ఎండదెబ్బా కాదు. మొక్క రసంలోనే చేరిన జబ్బు నాయనా. దీనికి మందు లేదు. మొక్కను పెరికెయ్యి. దీని కన్ను ఒక్కటి కూడా ఎక్కడా కట్టకు" అంది.

గిల్లయ్యకు మనసొప్పలేదు. అమ్మ నాటిన మొక్కను పెరకడమా? రెండు రోజులు ఆగి చూద్దాం పిన్నీ అన్నాడు. నత్తమ్మ అటు తిరగగానే ఆ ఆకును గిల్లి వాగులో పడేశాడు.

ఆకు పోయింది, భయం పోలేదు. రోజూ అందరికంటే ముందు లేచి, మొక్క చుట్టూ తిరిగి, గీతల ఆకు కనబడితే గిల్లేసేవాడు. ఇవాళ ఒకటి, రేపు మూడు. తిన్నది ఒంటికి పట్టడం మానేసింది. నత్తమ్మ అల్లంత దూరాన కనబడితే చాలు, బొరియలోకి దూరేవాడు. ఆమె వచ్చేసరికి ఎంత సేపు పడుతుందో మీకు తెలుసుగా. అంతసేపూ లోపలే బిక్కుబిక్కుమంటూ కూర్చునేవాడు.

ఒకరోజు పైకొమ్మ మీద ఒక ఆకు ఆయన కళ్లు తప్పించుకుంది. పిగిలిపిట్ట దాన్ని చూసి, ఆకుకు జరీ అంచు కుట్టినట్టుందని మెచ్చుకుంది. కొత్త రకమా అని అడిగింది. గిల్లయ్య కాదనలేదు. కొత్త రకమే అన్నాడు. పొగడ్త తియ్యగానే ఉంది కానీ, పిట్ట ఎగిరిపోగానే ఆ ఆకునూ గిల్లేశాడు.

ఎండలు ముదిరాయి. ఒక పొద్దున చూస్తే గీతల్లేవు. కొత్త ఆకులన్నీ పచ్చగా నిగనిగలాడుతున్నాయి. గిల్లయ్య ఊపిరి పీల్చుకున్నాడు. నత్తమ్మ మాత్రం తల ఊపలేదు. వేడికి జబ్బు లోపల దాక్కుంటుంది గానీ మొక్కను విడిచిపోదని, చల్లబడితే మళ్లీ బయటికొస్తుందని చెప్పింది.

ఆ ఎండల్లోనే కొండ మీద కార్చిచ్చు రేగి పూలచెట్లన్నీ మాడిపోయాయి. తేనెటీగల పెద్ద జుంటమ్మ గిల్లయ్య దగ్గరికి వచ్చింది. ఆకలికి తమ రాణి గుడ్లు పెట్టడం ఆపేసిందని చెప్పింది.

"మామా, చలికాలానికి నీ తోట పూస్తుందంటే మేం ఇక్కడే ఉంటాం. పుప్పొడి లేకపోతే మా పిల్లలు బతకరు. పూయదంటే ఇప్పుడే చెప్పు, వేరే అడవి చూసుకుంటాం" అంది.

చెప్పాల్సింది అప్పుడే. నోటిదాకా వచ్చింది కూడా. కానీ పదికి పదీ బతికించే గిల్లయ్య, నా మొక్కకు జబ్బు అని ఎలా చెబుతాడు? పరువు అడ్డొచ్చింది. అమ్మ గుర్తొచ్చింది. గీతలు ఎలాగూ కనబడటం లేదు.

"నేనున్నాగా" అన్నాడు.

తొలకరి పడింది. గిల్లయ్య ముప్పై అడవి గులాబీలను వరసగా నిలిపి, ముప్పైకీ పెద్ద మొక్క కన్నులే కట్టాడు. ముప్పైకి ముప్పై బతికాయి. పొడుగ్గా పెరిగాయి. జుంటమ్మ వాళ్లు సంబరంగా గూడు కట్టారు. వానలకు పూసిన గడ్డిపూలతో కడుపు నింపుకుని రాణి గుడ్లు పెట్టింది. గిల్లయ్య మాత్రం రోజూ ఒక్కో ఆకూ వెలుగుకు పెట్టి చూసేవాడు. ఎవరైనా భేష్ అంటే ఉలిక్కిపడేవాడు.

చలి మొదలైంది. మొదటి మొక్కకు గీతలు వచ్చాయి. మర్నాడు అయిదు మొక్కలకు. వారం తిరక్కుండా ముప్పైకీ. గిల్లడానికి ఆయనకున్నవి రెండే చేతులు. మొగ్గలు గురిగింజంతై, వంకరపోయి, విచ్చకుండానే రాలిపోయాయి.

జుంటమ్మ వచ్చి వరసంతా తిరిగి చూసింది. నత్తమ్మను అడిగింది. తర్వాత గిల్లయ్య ముందు వాలింది.

"మామా, ఎండల్లో నేనొచ్చి అడిగిన రోజు నీకిది తెలుసా?"

గిల్లయ్య కళ్లు దించుకున్నాడు. "తెలుసు" అన్నాడు.

"ఆ రోజు మా గూట్లో ఒక్క పిల్ల లేదు. ఎగిరిపోయేవాళ్లం. ఇప్పుడు గూడు నిండా ఉన్నారు. వాళ్లకింకా రెక్కలు రాలేదు."

ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని గిల్లయ్య చాన్నాళ్లు అనుకున్నాడు. మూడో రోజు, రెక్కలు రాని పిల్లల్ని గూట్లోనే వదిలి, ఎగరగలిగిన ఈగలన్నీ లేచి వెళ్లిపోయాయి. గిల్లయ్య గూడు కిందికి వెళ్లి నిలబడ్డాడు. ఏ చప్పుడూ లేదు. అప్పుడు ఏడ్చాడు.

ఆ పూటే అమ్మ నాటిన మొక్కను పెరికాడు. తర్వాత ముప్పైనీ పెరికి, దూరంగా బండ మీద ఎండేశాడు. బూడిదతో, వాగు ఇసుకతో చేతులు తోముకున్నాడు. నత్తమ్మ దగ్గరికెళ్లి, గట్టు మీది మొక్కను ఒక్కసారి చూడమని బతిమాలాడు. ఆమె ఆకు ఆకూ పాకి చూడటానికి మూడు రోజులు పట్టింది. మొక్కకు ఏ జబ్బూ లేదు. ఇన్నాళ్లూ మొహం చూడని ఆ వెలవెల గులాబీ కన్నులతోనే గిల్లయ్య మళ్లీ మొదలుపెట్టాడు.

రెండు చలికాలాలు గడిచాక జుంటమ్మ ఓ పదిమందితో అటుగా వచ్చింది. పూల మీద వాలలేదు, పైనే తిరుగుతోంది. గిల్లయ్య ఆమె అడిగేదాకా ఆగలేదు. బొరియలోంచి పరుగున వచ్చాడు.

"జుంటమ్మా, ఆ చివరి మొక్కకు నిన్న ఒక ఆకు మీద పసుపు కనబడింది. పెరికేశాను. ఇంకెక్కడైనా ఉందేమో నువ్వే చూసుకో. చూశాకే దిగు" అన్నాడు.

జుంటమ్మ వరసంతా చూసింది. నిదానంగా చూసింది. తర్వాత వచ్చి, ఒక చిన్న పువ్వు మీద వాలింది.

నీతి: జబ్బయినా తప్పయినా కనబడిన రోజే చెబితే ఒక మొక్కతో పోతుంది. దాచిపెడితే, మనల్ని నమ్మినవాళ్ల గూడు ఖాళీ అయ్యాక గానీ ఆగదు.