నిండని గళ్లు

జిలానీ ముందు తెర మీద రెండు గళ్లున్నాయి. ఒకటి పేరుకి, ఒకటి పాస్‌వర్డుకి. రోజూ పేజీ తెరిచీ తెరవకముందే వాటంతటవే నిండిపోయే గళ్లు. ఆవేళ నిండలేదు.

అవి నిండకపోతే ఒక మనిషి ప్రాణం పోయేలా ఉంది.

జిలానీ ఆదోనిలో ఖలీలుల్లా సాహెబ్ శిష్యుడు. ఆ సూఫీ గురువుని ఊరంతా హజ్రత్ అంటారు. వెదురు కలంతో అరబ్బీ అక్షరాలు రాయడం ఆయన సాధన. శిష్యులకు నేర్పేదీ అదే. దాంతోపాటు ఇరవై ఏళ్లుగా ఆయన దగ్గర రక్తదాతల జాబితా ఒకటుంది. ఎవరిది ఏ గ్రూపు, ఏ ఊరు, ఏ ఫోను. కులమూ మతమూ మాత్రం అందులో రాయరు.

పాత రిజిస్టర్‌ని సగం చెదలు తినేశాక, మిగిలిన ఎనిమిది వందల పేర్లనూ జిలానీ 'అమానత్', అంటే నమ్మి దాచమని ఇచ్చిన సొత్తు, అనే వెబ్‌సైట్‌లోకి ఎక్కించాడు. దానికి నలభై అక్షరాల పాస్‌వర్డ్ పెట్టి, దాన్ని గుర్తుపెట్టుకుని నింపే పాస్‌వర్డ్ మేనేజర్‌కి అప్పగించాడు.

"నాక్కూడా గుర్తుండదు హజ్రత్. దొంగ మెడ మీద కత్తి పెట్టినా చెప్పలేను" అన్నాడు గర్వంగా.

హజ్రత్ నవ్వి ఊరుకున్నారు.

ఆవేళ మధ్యాహ్నం పన్నెండున్నరకి ఆసుపత్రి నుంచి సిస్టర్ ఎస్తేరమ్మ ఫోన్ చేసింది.

"జిలానీ అన్నా, యాడున్నావ్? ఉరుకుందమ్మని కాన్పుకొచ్చింది. రక్తం ఆగడం లేదు. పరీక్ష చేస్తే బాంబే గ్రూపని తేలింది. కర్నూల్లో కూడా లేదంట. పరీక్షలవీ చేసుకోవాల, గంటలో మనిషి ఇక్కడుండాల అన్నా!"

బాంబే గ్రూపు పదివేల మందిలో ఒకరికి ఉంటే ఉన్నట్టు. వాళ్లకి ఇంకెవరి రక్తమూ పనికిరాదు. జిలానీ ఒక్క దూకులో కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

అమానత్ పేజీ అప్పటికే తెరిచి ఉంది. 'మీ ఖాతా ఈరోజుతో ఆగిపోతుంది, వెంటనే లాగిన్ అవ్వండి' అని పొద్దున ఈమెయిల్ వస్తే, అందులోని లింకు నొక్కాడు. అంతలో పాఠానికి పిలుపొచ్చింది. పేజీని అలాగే వదిలి వెళ్లాడు.

ఇప్పుడు చూస్తే గళ్లు ఖాళీ.

పేజీని మళ్లీ తెప్పించాడు. ఖాళీ. మేనేజర్‌కి తాళం పడిందేమో చూశాడు. తీసే ఉంది. గళ్లని దానంతటదే నింపే ఆటోఫిల్ ఆగిపోయిందేమో చూశాడు. వేసే ఉంది. బ్రౌజర్ మూసి తెరిచాడు. కంప్యూటర్‌నే ఆపి మళ్లీ వేశాడు. అది లేచేలోపల కాలు గాలిన పిల్లిలా గదంతా తిరిగాడు. మళ్లీ అదే పేజీ, అదే పచ్చరంగు గుర్తు, అవే రెండు ఖాళీ గళ్లు.

"నీ దుంప తెగ! ఈ రోజే దొరికిందా నీకు?" అని బల్ల మీద గుద్దాడు.

ఆ చప్పుడుకి హజ్రత్ లోపలినుంచి వచ్చారు.

"ఏమైంది బేటా?"

జిలానీ గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. "మేనేజర్ పాడైంది హజ్రత్. పని చేయట్లేదు."

"రోజూ ఎలా పని చేస్తుంది?"

"పేజీకి పైన అడ్రస్ ఉంటుంది. అది చూసి, మన పేజీయే అనుకుంటే నింపుతుంది. ఇవాళ మన పేజీనే మనది కాదంటోంది! ఫరవాలేదు, పాస్‌వర్డ్ తీసి నేనే అతికించేస్తా."

"ఆ అడ్రస్ ఏది?"

జిలానీ వేలితో చూపించాడు.

హజ్రత్ కుర్చీ లాక్కుని అతని పక్కన కూర్చున్నారు. కళ్లజోడు పెట్టుకున్నారు. కాగితం పరిచి, కలం సిరాలో ముంచారు.

"హజ్రత్, ఇప్పుడా! అక్కడ ఆమె..."

"కొంచెం జరుగు."

గురువు జరగమంటే శిష్యుడు జరగక ఏం చేస్తాడు? జిలానీ లేచి నిలబడ్డాడు. హజ్రత్‌కి ఇంగ్లీషు రాదు. ఆ అక్షరాలు ఆయనకి ఉత్త గీతలు, వంపులు. ఒక గీత చూస్తారు, దాన్ని కాగితం మీద దించుతారు. మళ్లీ తలెత్తి ఇంకో వంపు చూస్తారు. కలం కిర్రుమంటోంది.

ఫోన్ మళ్లీ మోగింది. "అన్నా, ఎంతసేపు? ఆమె కండ్లు తేలేస్తాంది!"

"ఒక్క నిమిషం సిస్టర్! ఒక్క నిమిషం!"

హజ్రత్ కలం పక్కన పెట్టి కాగితం అతనికి అందించారు. జిలానీ దాన్ని ఒక్క చూపు చూసి విసుగు దిగమింగుకున్నాడు.

"తప్పు రాశారు హజ్రత్. ఈ రెండో అక్షరం ఎమ్. మీరు ఆర్ రాసి, దాని పక్కన ఎన్ రాశారు."

"వాటి పేర్లు నాకు తెలియవు. అక్కడున్నది రాశాను."

జిలానీ తెర మీదికి వంగాడు. ముక్కు తగిలేంతగా వంగి, అడ్రస్‌లోని అక్షరాలను పెద్దవి చేశాడు.

ఆర్. దానికి అతుక్కుని ఎన్. రెండూ కలిసి ఎమ్‌లా కనబడుతున్నాయి.

అది అమానత్ కాదు. అమానత్ వేషం వేసుకుని పొద్దున ఈమెయిల్ లింకులో వచ్చిన మరెవడిదో పేజీ. నలభై అక్షరాలూ అందులో అతికించి ఉంటే? జాబితా తెరుచుకునేది కాదు. తాళంచెవి వాడి చేతికి పోయేది, వాడు తాళమే మార్చేసేవాడు. ఎనిమిది వందల మంది పేర్లూ గోవిందా.

ఆ పేజీని మూసి పారేశాడు. ఏడాది కిందట తాను స్వయంగా దాచుకున్న బుక్‌మార్క్ నొక్కాడు. అసలు పేజీ వచ్చింది. రెప్ప వేసేలోగా రెండు గళ్లూ టకటకా నిండిపోయాయి.

"నిండింది హజ్రత్! నిండిపోయింది!" అని కేక పెట్టాడు.

జాబితాలో బాంబే గ్రూపువి రెండే పేర్లు. మొదటివాళ్ల ఫోన్ స్విచాఫ్. రెండో పేరు నీలకంఠప్ప. ఎమ్మిగనూరు, మగ్గం పని.

ఫోన్ మోగి మోగి చివరికి ఎత్తారు. వెనకాల మగ్గం చప్పుడు వినబడుతోంది.

"అన్నా, నేను ఆదోని హజ్రత్ దగ్గర్నుంచి. కాన్పు కేసు. మీ గ్రూపే కావాలి."

మగ్గం చప్పుడు ఆగింది.

"ఏ ఆసుపత్రి?"

జిలానీ చెప్పాడు.

"బండి తీస్తాండా."

జిలానీ ఆసుపత్రికి పరుగెత్తాడు. మండుటెండలో గేటు దగ్గర నిలబడి వచ్చే ప్రతి బండినీ చూశాడు. ముప్పావు గంటకి ఒక పాత మోటార్ సైకిల్ దుమ్ము రేపుకుంటూ వచ్చి ఆగింది. దిగినాయన జుట్టులో ఇంకా నూలు పోగులున్నాయి.

"నీలకంఠప్పన్నా?"

"ఊ. యా పక్క?"

అప్పటికే ఎస్తేరమ్మ వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది.

సాయంత్రం నాలుగున్నరకి ఆమే బయటికొచ్చి చెప్పింది. తల్లి గట్టెక్కింది. ఆడపిల్ల. ఉరుకుందమ్మ వాళ్లమ్మ నీలకంఠప్ప రెండు చేతులూ పట్టుకుని ఏడుస్తుంటే, ఆయన "ఏముందిలేమ్మా" అంటూ ఆవిడకంటే ఎక్కువ ఏడుస్తున్నాడంది.

జిలానీ దారిలో కనబడినవాళ్లందరికీ ఈ కబురు చెప్పుకుంటూ పరుగులాంటి నడకతో వచ్చాడు. హజ్రత్ అరుగు మీద కలాలు కడుగుతున్నారు. కబురు విని కళ్లు మూసుకుని అల్లాకి కృతజ్ఞతలు చెప్పుకున్నారు. మళ్లీ కలాలు కడగసాగారు.

జిలానీ ఆయన ఎదుట కూర్చున్నాడు.

"హజ్రత్, మీకు ఇంగ్లీషు రాదు. నాకు వచ్చు. పొద్దున్నుంచి ఆ పేజీ నా కళ్లముందే ఉంది. నాకెందుకు కనబడలేదు?"

హజ్రత్ కలం మొనని వెలుతురుకి ఎత్తి పట్టుకున్నారు.

"నువ్వు చదివావు బేటా. నేను చూశాను."