సలోమమ్మ దాటిన పాయ

“సలోమమ్మా! ఓ సలోమమ్మా! పడవ తేవే, పొద్దెక్కిపోతోంది!”

అవతలి గట్టు నుంచి కేక. ఏటి పాయ మీద మంచు పాలమీగడలా కదలకుండా ఉంది. మనిషి కనపడడం లేదు, కేకే వినపడుతోంది. ఎప్పటి మాటంటారా? మన తాతల తాతలకి ఇంకా పేర్లు పెట్టని రోజుల మాట.

సలోమమ్మ పడవకి తెడ్డు లేదు. ఈ గట్టుకీ ఆ గట్టుకీ ఓ తాడు కట్టి ఉండేది. దాన్ని పట్టుకుని గుంజుకుంటూ పోవడమే. ఎక్కినవాళ్ళు బెదిరితే పైనున్న ప్రభువుని తలుచుకుని ఆమె అనేది ఒకటే మాట. “నీళ్ళు పుట్టకముందు రాజు ఆయనే. నీళ్ళు ఇంకిపోయాకా రాజు ఆయనే. కూర్చో.”

పురిటి నొప్పులు పడుతున్న పిల్ల ఎక్కింది. “భయమేస్తోంది పిన్నీ” అంది. “నీళ్ళు పుట్టకముందు రాజు ఆయనే” అంది సలోమమ్మ. దాటించింది.

చూపులేని డప్పు తాత ఎక్కాడు. “గట్టు ఉందో లేదో నాకేం తెలుసమ్మా” అన్నాడు. “నీళ్ళు ఇంకిపోయాకా రాజు ఆయనే” అంది. దాటించింది.

గొర్రెల ఓబద్యా ఎక్కాడు, ఓ గొర్రెతో సహా.

“నాకేం భయం లేదత్తా, గొర్రెకే.”

“మరి దాని మెడ అలా పిసుకుతావేంట్రా? కళ్ళు బయటికొస్తున్నాయి!”

అతన్నీ దాటించింది.

నమ్మకమంటే సలోమమ్మదే, అనేది ఊరంతా. ఊరికి తెలియనిది ఒకటుంది. పడవ కదిలిన ప్రతిసారీ ఆమె గుండె పిచ్చుకలా కొట్టుకునేది. ఆమె పెనిమిటిని తీసుకుపోయింది ఆ నీళ్ళే. ‘నిజంగా నమ్మినదాన్నైతే ఇంత భయమెందుకు? ఇలాంటిదాన్ని ఆయన తన దగ్గరికి రానిస్తాడా?’ అని లోలోపలే కుమిలిపోయేది. ఎవరికీ చెప్పలేదు.

ఏళ్ళు గడిచాయి. ఆమె మంచాన పడింది. “అవతల నా కూతురింటికి చేర్చండి, అక్కడ కన్నుమూస్తాను” అంది. ఓబద్యా ఎత్తుకొచ్చి పడవలో పడుకోబెట్టాడు. ఆ రోజూ మంచే. మొదటిసారి ఆమె చేతిలో తాడు లేదు.

“అత్తా, నీ మాట ఇవాళ నేనంటాను. నీళ్ళు పుట్టకముందు...”

“అనకురా.”

“ఏం?”

“నాకు భయంగా ఉంది. ఇవాళే కాదు, ఎప్పుడూనూ. మీ అందరికీ ధైర్యం చెప్పి నేను వణికేదాన్ని. ఆయన దగ్గరికి ఏ మొహం పెట్టుకుని పోనురా?”

ఓబద్యా తాడు గుంజుతూనే అడిగాడు.

“అత్తా, భయపడ్డారని ఎవర్నైనా నడి పాయలో దింపేశావా?”

“ఛీ! అవేం మాటలు!”

“భయం లేనోళ్ళే ఎక్కండని అన్నావా?”

“లేదు.”

“నీకే అంత జాలుంటే, నిన్ను పుట్టించినోడికి ఉండదా?”

సలోమమ్మ మంచులోకి చూసింది. అక్కడ ఎవరో నిలబడి ఉన్నట్టు నవ్వింది. “నువ్వే రాజువి. దాటించు” అంది. పడవ గట్టుకి తగిలేసరికి ఆమె లేదు. నవ్వు మాత్రం మొహం మీద అలాగే ఉంది.

ఆమె ఆఖరి మాట ఓబద్యా ఊరంతటికీ చెప్పాడు. ఇప్పుడక్కడ వంతెన కట్టారు. పరీక్షకి పోయే పిల్లలు, ఆసుపత్రికి పోయేవాళ్ళు, కాపురానికి పోయే కొత్త పెళ్ళికూతుళ్ళు వంతెన నడిమధ్య ఓ క్షణం ఆగుతారు. చుట్టూ ఎంతమంది ఉన్నా సిగ్గుపడరు. గట్టిగానే అంటారు.

“నాకు భయంగా ఉంది ప్రభువా. నువ్వే రాజువి. దాటించు.”