చెయ్యి తెగిందా తల్లీ?

అనగనగా ఒక ఊరు. దాని పేరు నోటిదాకా వచ్చి ఆగిపోతోంది. పేరు గుర్తు రానంత మాత్రాన ఊరు లేనట్టు కాదు. ఉంది. ఆ ఊళ్ళో సుంకులమ్మ అనే ముసలమ్మ గాజులు అమ్మేది. భుజాన గాజుల మలారం, బుగ్గన తమలపాకు. వీధి వీధీ తిరిగేది.

అదే ఊళ్ళో ఓబులక్క అనే కొత్త కోడలుండేది. ఆమెకు నెల తప్పింది. మొగుడికి చెప్పింది, అత్తకు చెప్పింది, కట్టుగొయ్య దగ్గరి ఆవుకు కూడా చెప్పింది. కొద్దిరోజులకే కడుపు నిలవకుండా పోయింది.

"ఏం ఎత్తినావే? ఏం తిన్నావే? ఏం దాటినావే?" అంది అత్త.

"ఏం ఎత్తినావే? ఏం తిన్నావే? ఏం దాటినావే?" అంది పక్కింటామె.

బావి దగ్గర ఆడవాళ్ళూ అవే అడిగారు.

ఓబులక్క తలుచుకుంది. నీళ్ళ కడవ ఎత్తింది. నువ్వులుండ తిన్నది. ఊరి పక్కన పారే వంక దాటింది. "అయితే నేనే పోగొట్టుకున్నా" అనుకుంది. కళ్ళనీళ్ళు పెట్టుకోబోతే, "ఆవగింజంత లేనిదానికి ఏడుపేంది?" అన్నారు. పోయింది ఆవగింజంత, తప్పు మాత్రం కొండంత!

ఇక ఆమె పక్కింటి పాపను ఎత్తుకోలేదు. లేగదూడను నిమరలేదు. మొగుడి చెయ్యి పట్టుకోలేదు. తన చేతుల్లో ఏదీ నిలవదని భయం.

అప్పుడు సుంకులమ్మ వచ్చింది.

"మా కోడలికి పచ్చగాజులు తొడుగు సుంకులమ్మా. దాని మొహం చూడలేకపోతున్నా" అంది అత్త.

"మొహానికి తొడిగే గాజులు నా దగ్గర లేవు. చెయ్యి ఇయ్యమను."

ముసలమ్మ మెత్తగా చెయ్యి నొక్కి గాజు ఎక్కించింది. సగం దూరం వెళ్ళి అది టప్పున పగిలింది.

"చూసినారా! నా చెయ్యే అట్లాంటిది" అంది ఓబులక్క.

అత్త "ఏం..." అని నోరు తెరిచింది. సుంకులమ్మ ఆమెకేసి చూడనే లేదు. కోడలి మణికట్టు తిప్పి చూసి అడిగింది:

"చెయ్యి తెగిందా తల్లీ?"

ఆ మాట ఇంతవరకు ఎవరూ అడగలేదు. ఓబులక్క చూసుకుంది. సన్నని ఎర్రగీత.

"తెగింది" అంది. అని, బావురుమంది. సుంకులమ్మ కొంగుతో నెత్తురు అద్ది, ఏడవనిచ్చింది.

"నువ్వు బిగబట్టినావా? లేదు. నేను మొరటుగా తోసినానా? లేదు. కొన్ని గాజులకు బట్టీలోనే లోపల పగులు జీర పడుతుంది. చేతికి ఎక్కేదాకా నాకే తెలీదు. మొదట్లోనే పోయే కడుపులూ చాలావరకు అంతే."

"కడవ ఎత్తినా అవ్వా."

"నా మలారం నీ కడవకంటే బరువు. ఇది మోస్తూనే నలుగురిని కన్నా."

"నువ్వులుండ తిన్నా."

"నాకు పెట్టకుండానా?"

ఓబులక్కకు ఏడుపులోనే నవ్వు వచ్చింది. "వంక దాటినా."

"దాటకుండా మన ఊరికి ఎవరొస్తారు? మీ అత్త నీ మొగుణ్ణి కడుపులో పెట్టుకొని దాటలేదా?"

అత్త తల వంచుకుంది. "దాటినా. వాడికంటే ముందు నాకూ ఒకటి నిలవలేదు. మా అత్తా నన్ను ఇట్లే అడిగింది" అంది. అని, కోడలి పక్కన కూర్చుంది.

"అది కొన్నాళ్ళే ఉంది కదవ్వా. ఏడవచ్చునా?" అంది ఓబులక్క.

"సగం దూరం ఎక్కినా తొడుక్కున్నట్టే తల్లీ."

రెండో గాజు నిలిచింది. సాయంత్రం ఓబులక్క పక్కింటి పాపను ఎత్తుకుంది. పాప గాజు పట్టుకొని లాగింది. ఆమె లాగనిచ్చింది.

సుంకులమ్మ పోయింది. మలారం పోయింది. మాట పోలేదు. ఆ వైపు పల్లెల్లో తొలినాళ్ళ కడుపు నిలవకపోతే, ఏం ఎత్తినావని ఇప్పటికీ అడగరు. ఏం తిన్నావని అడగరు. ఏం దాటినావని అడగరు. ఒకామె పచ్చగాజు పట్టుకొని వస్తుంది. పక్కన కూర్చుని, చెయ్యి తన చేతిలోకి తీసుకుని, ఒక్కటే అడుగుతుంది:

"చెయ్యి తెగిందా తల్లీ?"

తెగిందంటే ఏడవనిస్తుంది. ఆ తర్వాతే గాజు తొడుగుతుంది.

ఊరి పేరు ఇంకా గుర్తు రాలేదు. మాట గుర్తుంది. చాలు.