అరుగుకి తలంటు

గుమ్మలపాలెంలో గవర్రాజు, అతని భార్య నూకాలు, తమ్ముడు అబ్బులు ఉండేవాళ్ళు. చెప్పింది చెప్పినట్టు చెయ్యకపోవడం వల్లే లోకం ఇలా తగలడిందనీ, తాము ముగ్గురూ ఉండబట్టి ఈమాత్రమైనా నిలబడిందనీ వాళ్ళ నమ్మకం.

వాళ్ళ పెరట్లో ఒక చెక్క అరుగు సగంలో ఆగిపోయింది. వడ్రంగి వీరాచారి నాలుగు కాళ్ళు నిలబెట్టి, పైన పలకలు కొట్టాడో లేదో, కూతురికి నొప్పులొస్తున్నాయని కబురొచ్చింది. అరుగు పేళ్ళు లేచిపోయి చూడ్డానికే గుచ్చుకునేలా ఉంది.

పక్కవీధి మేనత్త అచ్చియ్యమ్మ వచ్చి చూసి మూతి విరిచింది. "ఒరే, ఆదివారం వస్తాను. ఈలోగా దీన్ని కూర్చోబుద్ధేసేలా చెయ్యండి. చేస్తే నా పాడిగేదెని మీకిచ్చేస్తాను. అరుగుని చూసుకోలేనోళ్ళు గేదెనేం చూసుకుంటారు?" అంది.

నూకాలికి గడ్డపెరుగంటే ప్రాణం. ఆ ఇంట్లో ఏడాదిగా నీళ్ళమజ్జిగే గతి. అందుకని ఆవిడ బండెక్కబోతున్న వీరాచారి ఉత్తరీయం పట్టుకుని ఆపేసింది.

"ఏముందమ్మా, గరుకుకాగితం పెట్టి రుద్దండి. చెయ్యేస్తే చేతికేమీ తగలకూడదు. ఆనక నూనె పట్టించి ఆరనివ్వండి. నన్నొదులు తల్లీ," అన్నాడు వీరాచారి.

అంతే, అన్నదమ్ములిద్దరూ రుద్దుడు మొదలెట్టారు. పేళ్ళు పోయాయి. పలక అద్దంలా నున్నగా తేలింది. అబ్బులు చెయ్యి వేసి చూశాడు.

"ఇంకా తగుల్తోందన్నయ్యా."

"ఏం తగుల్తోంది?"

"చెక్క."

"అయితే రుద్దు మరి."

రుద్దగా రుద్దగా మధ్య పలకకి కన్నం పడింది. అబ్బులు చెయ్యి భుజందాకా కిందికి దిగిపోయింది. "ఇప్పుడేమీ తగల్లేదు," అన్నాడు సంతోషంగా. అక్కడికి కాగితం కూడా అయిపోయింది కాబట్టి మిగతా పలకలు బతికిపోయాయి.

తర్వాత నూనె. నువ్వులనూనె గిన్నెడు పట్టించారు. నూకాలు ముక్కున వేలేసుకుంది. "నూనె పెట్టి తలంటకుండా వదిలేస్తారా? జలుబు చెయ్యదూ?"

"దీనికి తల ఎటు వదినా?" అన్నాడు అబ్బులు.

"ఉత్తరానికి తల పెట్టకూడదు కదా. తూర్పే అయ్యుంటుంది."

ఇంకేముంది, కుంకుడుకాయలు కొట్టి పులుసు తీశారు. చెక్కలో కళ్ళలా కనిపించిన ముడులన్నిటికీ, మండుతాయేమోనని తడిగుడ్డ అడ్డం పెట్టారు. తూర్పువైపు నుంచి సుబ్బరంగా తలంటి పోశారు. తలంటాక సాంబ్రాణి వెయ్యకపోతే ఎలా? కుంపటి రాజేసి అరుగు కిందికి తోశారు. పైనుంచి నూనె చుక్క నిప్పులో పడింది. కాలొకటి భగ్గుమంది. నీళ్ళు కుమ్మరించేసరికి జానెడు కాలు బొగ్గయిపోయి, అరుగు ఓ పక్కకి ఒరిగింది.

నూకాలు కూలబడి ఏడ్చింది. గేదె కళ్ళముందే చెయ్యిజారిపోతోందని ఆవిడ బాధ.

"తక్కిన మూడు కాళ్ళూ కోసేస్తే?" అన్నాడు అబ్బులు.

"ఆచారిగారు కొయ్యమన్లేదు," అన్నాడు గవర్రాజు. "మూడింటి కిందా గోతులు తవ్వుదాం."

తవ్వారు. గోతులు కాస్త లోతయ్యాయి. దాంతో కాలిన కాలు పొడుగైంది. దాని కిందా తవ్వారు. అప్పుడది మరీ దిగిపోయింది. అలా ఒకదాని వెనక ఒకటి తవ్వుతూ పోతే, ఆదివారం పొద్దుటికి అరుగు నేలకి అతుక్కుని కూర్చుంది.

అచ్చియ్యమ్మ వచ్చింది. ఆవిడవి అసలే మోకాళ్ళనొప్పులు. ఎక్కే పని లేని అరుగు చూసి మురిసిపోయింది. హాయిగా కూర్చుని, చేతికర్ర ఎక్కడ పెట్టాలా అని చూసి కన్నంలో నిలబెట్టింది. సాంబ్రాణి వాసన పీల్చింది. "ఎంత ముందుచూపురా మీకు. గేదెని తోలుకుపోండి. ఈ అరుగుని చూసుకున్నట్టే దాన్నీ చూసుకోండి," అంది.

ఆ మాట అనకుండా ఉండాల్సింది.

మర్నాడు పెరుగు తోడుపెట్టారేమోనని అచ్చియ్యమ్మ వెళ్ళేసరికి గేదె ఒళ్ళంతా నూనె కారుతోంది. కళ్ళకి తడిగుడ్డ, చుట్టూ సాంబ్రాణి పొగ. మూడు కాళ్ళు గోతుల్లో ఉన్నాయి.

"అత్తా, నువ్విచ్చిన గేదెకి ఒక కాలు పొట్టిది," అన్నాడు గవర్రాజు. "తక్కినవాటికి తవ్వి సమానం చేశాం."

"అది అలుపు తీర్చుకోడానికి కాలు ఎత్తిందిరా సన్నాసీ. దించుతుంది."

"దించింది. దానికీ తవ్వబోతే మళ్ళీ ఎత్తింది."

నూకాలు గేదె పక్కన బోర్లా పడుకుని ఉంది. పొదుగు నేలకి ఆనిపోయింది. "చెంబుకి చోటు లేదు. చెంబుకీ ఓ గొయ్యి తవ్వమంటే వినరే," అంది దిగులుగా.

అంతలో అబ్బులు బజారునుంచి కొత్త గరుకుకాగితం తెచ్చాడు. వచ్చీ రాగానే గేదె వీపు మీద పెట్టి బర్రున ఒక్క లాగు లాగాడు.

అంతే, గేదె గోతుల్లోంచి ఎగిరి, కంచె దూకి, అచ్చియ్యమ్మ ఇంటిదారి పట్టింది.

దుమ్ము సర్దుకున్నాక, ఇందాక గేదె ఉన్నచోట అబ్బులు గాల్లో చెయ్యి అటూ ఇటూ ఆడించి చూశాడు. తృప్తిగా అత్తవైపు తిరిగాడు.

"అయిపోయిందత్తా. చేతికేమీ తగలట్లేదు."