పోయిన నెల వాయించినవాడు

తొమోయాకు గురువుగారి కుడిచేతి బెంగ పట్టుకుంది.

ఆ చెయ్యి వణుకుతోంది. అన్నం తినేటప్పుడో, టీ గిన్నె ఎత్తేటప్పుడో వణికితే పెద్ద నష్టం లేదు. కానీ అది వాద్యం మీటల మీద వణుకుతోంది. ఒక మీట నొక్కబోయి పక్కదాన్ని తాకుతోంది. గురువుగారేమో తుమ్ము వచ్చిందన్నంత మామూలుగా ఊరుకుంటున్నారు.

గురువుగారి పేరు ఇవాకి. జపాన్‌లో ఎలక్ట్రానిక్ వాద్యం మీద ఒక రకమైన నెమ్మది సంగీతం వాయిస్తారు. దాన్ని న్యూ ఏజ్ సంగీతం అంటారు. అందులో పాట ఉండదు, దరువు ఉండదు. ఒక స్వరం పొగమంచులా వచ్చి, ఉండాల్సినంతసేపు ఉండి, తన దారిన తాను పోతుంది. వింటూ వింటూ ఎవరైనా నిద్రపోతే ఇవాకి గారు నొచ్చుకోరు సరికదా, "పాపం, బాగా అలిసిపోయినట్టున్నాడు" అంటారు.

ఆయన రికార్డులు ఇళ్లలోనూ ఆస్పత్రుల్లోనూ మోగుతుంటాయి. అన్నీ స్టూడియోలో చేసినవే. వాటికి తుదిమెరుగులు దిద్దేది శిష్యుడు తొమోయా. చీమ చిటుక్కుమన్నంత చప్పుడు ఉన్నా పట్టుకుని తీసేస్తాడు. "మా గురువుగారి సంగీతం మంచినీళ్లు. నేను వడగట్టే గుడ్డని, అంతే" అని స్నేహితులతో అనేవాడు. వినయంగానే అనేవాడు గానీ, గుడ్డ లేకపోతే నీళ్ల గతి ఏమిటో వాళ్లు ఆలోచించుకోవాలని లోపల ఉండేది.

జనం ముందు వాయించమంటే ఇవాకి గారు ఏనాడూ ఒప్పుకోలేదు. అలాంటి మనిషి, కొండ మీది పాత గుడికి పైకప్పు కొత్తగా వేశామని పూజారి వచ్చి అడిగితే సరేనన్నారు. ఆ సంగతి తెలిసి రికార్డు కంపెనీ నుంచి నిషియామా అనే ఆవిడ పరిగెత్తుకొచ్చింది. కచేరీని అక్కడికక్కడే రికార్డు చేసి లైవ్ ఆల్బమ్‌గా తెస్తామంది. గురువుగారికి అదే మొదటి లైవ్ ఆల్బమ్. ఆయన చెయ్యి చూస్తే, చివరిదీ అదే అయ్యేట్టుంది.

"తప్పు దొర్లితే ఎలా గురువుగారూ?" అన్నాడు తొమోయా.

"దొర్లుతుంది."

"రికార్డులో అది ఎప్పటికీ ఉండిపోతుంది. రేపు మీ పేరు తలుచుకోగానే జనానికి ఆ తప్పే గుర్తొస్తుంది."

గురువుగారు వాద్యం మీద దుమ్ము తుడుస్తున్నారు. "నా పేరు తలుచుకుంటారంటావా? అయితే మంచిదే" అన్నారు.

ఇలాంటి మనిషితో ఏం వాదిస్తాం? తొమోయా తనే ఒక ఉపాయం ఆలోచించుకున్నాడు.

పోయిన నెల సాధనలో ఒకరోజు గురువుగారి చెయ్యి నిమ్మళంగా ఉంది. ఆ రోజు వాయించినదంతా తొమోయా దగ్గర రికార్డై ఉంది. దాన్ని కూర్చుని మరీ కడిగిన ముత్యంలా చేశాడు. ఆ సంగీతంలో అడుగున తిరుగుతుండే స్వరాల వరసను వాద్యంలోని యంత్రమే తనంతట తాను ఒకే నడకలో వాయించుకుంటుంది. దాని పైన వచ్చేది మాత్రమే చేత్తో వాయించాలి. అంచేత పోయిన నెల రికార్డూ, రేపటి కచేరీ అడుగు తప్పకుండా పక్కపక్కనే నడుస్తాయి. గురువుగారి చెయ్యి తడబడగానే తన బల్ల మీద ఒక మీట పైకి తోసి, ఇంకో మీట కిందికి లాగితే చాలు. వాద్యం మూగబోతుంది. స్పీకర్లలోంచి పోయిన నెల సంగీతం వస్తుంది. రికార్డులోకీ అదే ఎక్కుతుంది.

'దేవుడికి కూడా తెలియదు' అనుకున్నాడు తొమోయా. దేవుడి గుడిలోనే చెయ్యబోతూ ఆ మాట అనుకోవడానికి గుండె ఉండాలి మరి.

కచేరీ రోజు పూజారి వెనక దారిన కారు పంపిస్తానన్నాడు. గురువుగారు వద్దన్నారు. దేవదారు చెట్ల మధ్య ఉన్న రాతిమెట్లన్నీ కూర్చుంటూ లేస్తూ, ఆయాసపడుతూ ఎక్కారు. అప్పటికే తొమోయా పైన వాద్యానికి కరెంటు పెట్టి కూర్చున్నాడు. అది పాతకాలపు వాద్యం. చలి తగిలితే శ్రుతి జారిపోతుంది. ముందుగా చాలాసేపు వేడెక్కనివ్వాలి.

అక్కడి గుళ్లలో దేవుడి ముందు వాయించడమంటే మన కచేరీల్లాగా కాదు. అది దేవుడికి సమర్పించే సంగీతం. వాయించేవాడు దేవుడివైపు తిరిగి కూర్చుంటాడు. జనానికి కనిపించేది వీపు. అయిపోయాక చప్పట్లు కూడా కొట్టరు. విననిచ్చారు, అదే పదివేలు అన్నట్టు జనం నేల మీద సర్దుకుని కూర్చుంటారు. ఒక పక్కగా తొమోయా, అతని మీటల బల్ల. అతని పక్కన నిషియామా గారు, చెవులకు హెడ్‌ఫోన్లు, ముందు రికార్డింగ్ యంత్రం.

ఇవాకి గారు దేవుడికి వంగి నమస్కరించి మొదలుపెట్టారు.

మొదట చాలా బాగా సాగింది. మధ్యాహ్నపు చలిగాలిలో స్వరం లేచి పైకప్పు దాకా వెళ్లి నిలిచింది. జనం ఊపిరి కూడా మెల్లగా పీలుస్తున్నారు. కాసేపటికి గురువుగారి కుడిచెయ్యి తడబడింది. ఒక స్వరం ఉండాల్సిన చోట దాని పక్కది పలికింది.

తొమోయా వేళ్లు సిద్ధంగానే ఉన్నాయి. ఒక మీట పైకి వెళ్లింది, ఒకటి కిందికి వచ్చింది. అతుకు ఎక్కడా తెలియలేదు. నిషియామా గారు కళ్లు మూసుకుని తృప్తిగా తలూపింది. తొమోయా గుండె ఉప్పొంగింది. గురువుగారి పరువు కాపాడాను అనుకున్నాడు. ఆయనకు తెలియకుండా ఆయన్ని కాపాడటంలో ఉన్న సుఖం ఇంతా అంతా కాదు.

ఇంతలో ఆ చెయ్యి మళ్లీ తడబడింది. ఈసారి పక్క మీట మీద గట్టిగానే పడింది.

స్పీకర్లలోంచి మాత్రం సరైన స్వరమే వచ్చింది.

గురువుగారి తల కొంచెం పక్కకు వాలింది. ఆయన ఇంకో మీట నొక్కారు. ఈసారి కావాలనే, ఎక్కడో ఆ చివర ఉన్న మీట. అయినా రావాల్సిన స్వరమే వచ్చింది, హాయిగా, తేటగా.

తొమోయా పై ప్రాణాలు పైనే పోయాయి.

గురువుగారు రెండు చేతులూ మీటల మీంచి ఎత్తేశారు. ఎత్తి ఒళ్లో పెట్టుకున్నారు. సంగీతం సాగుతూనే ఉంది. పక్కల కూర్చున్నవాళ్లు ముందు చూశారు. ఒకామె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పూజారి సగం లేచి, ఎందుకు లేచాడో తెలియక మళ్లీ కూర్చున్నాడు. అప్పుడు గురువుగారు కూర్చున్న బల్ల మీంచి లేచి నిలబడ్డారు. ఇక అందరికీ కనిపించింది. వాద్యం దగ్గర మనిషి లేడు. సంగీతం ఉంది.

నిషియామా గారు హెడ్‌ఫోన్లు తీసి తొమోయా ముఖంలోకి చూసింది. తేలు కుట్టిన దొంగకూ తొమోయాకూ తేడా లేదు. మీట లాగేస్తే సంగీతం ఆగిపోతుంది, చేసిన పని బయటపడుతుంది. లాగకపోతే, గురువుగారు వాయించకుండానే గురువుగారి సంగీతం దేవుడి ముందు మోగుతూనే ఉంటుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అతని వేలు మీట మీదే కొయ్యబారిపోయింది.

గురువుగారు కోప్పడలేదు. అతనివైపు చూడను కూడా లేదు. మెల్లగా నడిచి వెళ్లి జనంలో ముందు వరసలో ఒక ముసలమ్మ పక్కన ఇంత చోటు చేసుకుని కూర్చున్నారు. కచేరీ వినడానికి వచ్చినవాడిలాగే చేతులు జోడించి, కళ్లు మూసుకున్నారు.

ఆయన నిజంగానే వింటున్నారు. అది చూశాక తొమోయా తట్టుకోలేకపోయాడు. మీట కిందికి లాగేశాడు.

గుడి అంతా ఒక్కసారిగా ఖాళీ అయినట్టనిపించింది.

గురువుగారు కళ్లు తెరిచారు. "ఎందుకు ఆపావు? బాగా వాయిస్తున్నాడు. ఎవరతను?"

తొమోయా అన్నాడు, "మీరే గురువుగారూ. పోయిన నెల... మీరే."

"ఓహో. దేవుడి దగ్గరికి పోయిన నెలవాణ్ణి పంపించావన్నమాట." గురువుగారు మోకాళ్లు రుద్దుకున్నారు. "మరి నేనెందుకు ఆ మెట్లన్నీ ఎక్కాను?"

దెప్పిపొడవడానికి అన్న మాటైతే పడేవాడు. ఆయన నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగారు. తొమోయా ముందుకు వచ్చి అందరి ఎదుట నేలకు నుదురు ఆనించాడు.

"మీ చెయ్యి వణుకుతోంది గురువుగారూ. మిమ్మల్ని చూసి నవ్వుతారేమోనని భయపడ్డాను. నాకు భయం వేసింది." అంటుండగానే ఏడుపొచ్చేసింది.

దేవుడి ముందు గురువును మోసం చేసిన శిష్యుడికి ఆ దేశంలోనైనా, మరే దేశంలోనైనా మిగిలేది మూటాముల్లె సర్దుకోవడమే. ఇక నా ముఖం చూడకు అన్న మాట కోసం తొమోయా అలా నేల మీదే ఎదురుచూశాడు.

"రికార్డింగ్ ఆపెయ్యమంటారా?" అంది నిషియామా గారు పీలగొంతుతో.

"అదేం పాపం చేసిందమ్మా! తిరగనివ్వండి" అన్నారు గురువుగారు.

ఆయన మళ్లీ వాద్యం దగ్గరికి వెళ్లారు. బల్ల మధ్యలో కూర్చోలేదు. ఎడమ చివరకు జరిగి కూర్చుని, ఖాళీగా ఉన్న సగాన్ని చేత్తో తట్టారు.

"తొమోయా, రా."

తొమోయా తలెత్తి చూశాడు. తనను కాదేమో అనుకున్నాడు. ఆ బల్ల మీద గురువుగారు తప్ప ఇంకెవరూ కూర్చోగా అతనెన్నడూ చూడలేదు.

"నేనా? నేను సాధన చెయ్యలేదు గురువుగారూ. ఎప్పుడూ జనం ముందు..."

"కుడిచెయ్యి నా మాట వినడం లేదని నువ్వే కదా అంటున్నావు. కుడివైపుది నువ్వు వాయించు. వాద్యం గొంతు పైకి పెట్టి రా."

తొమోయా తన మీటల బల్ల దగ్గరికి వెళ్లి వాద్యం మీట పైకి తోశాడు. వచ్చి గురువుగారి పక్కన కూర్చున్నాడు. ఎదురుగా దేవుడు, వెనక అంతమంది జనం. ఇన్నేళ్లూ స్టూడియో అద్దాల గదిలో కూర్చుని ఇతరుల తప్పులు దిద్దినవాడికి మీటలు మొదటిసారి చూస్తున్నట్టున్నాయి. చేతులు చాపాడు. రెండు చేతులూ గడగడా వణుకుతున్నాయి. ఒకదాన్ని ఇంకోదానితో పట్టుకోబోయాడు. పట్టుకున్న చెయ్యి ఇంకా ఎక్కువ వణికింది.

"గురువుగారూ, నా చేతులు..." అన్నాడు భయపడిపోయి.

వెనక నిషియామా గారి యంత్రం తిరుగుతూనే ఉంది. తర్వాత వచ్చిన ఆల్బమ్ అక్కణ్ణించే మొదలవుతుంది. కొన్నవాళ్లకు మొట్టమొదట వినపడేది సంగీతం కాదు, ఒక ముసలి గొంతు. చాలా మెల్లగా ఉంటుంది కాబట్టి అదేదో మంత్రమని కొందరు అనుకున్నారట. మంత్రం కాదు. తొమోయా చేతుల పక్కనే, వణుకుతున్న తన చెయ్యి కూడా మీటల మీద పెట్టి ఇవాకి గారు దేవుడితో అన్న మాట అది.

"ఇప్పుడు ఇద్దరం వచ్చాం."