మోదుగ తేనె తాగిన బొంతకాకి

అనగనగా ఒక అడవిలో ఒక బొంతకాకి ఉండేది. అంత తెలివైన పక్షి ఆ కొండల్లో ఇంకొకటి లేదని అందరూ అనుకునేవారు. అందరూ అంటే ఎవరనుకున్నారు పిల్లలూ? ఆ బొంతకాకి ఒక్కటే. ఆ బొంతకాకి ఎవరనుకున్నారు? మీ నాన్నే.

నవ్వకండి. గూడు ఊగుతుంది.

ఇది మీరు పుట్టకముందు మాట. రెండు వేసవులైంది. నా గొప్పలు ముందే చెప్పేస్తాను, లేకపోతే కథ సాగదు. నాకు కొండముచ్చులా అరవడం వచ్చు. రేచుకుక్కలా ఈల వేయడం వచ్చు. గాలి జోరుగా వీచే రోజున కొండ అంచు నుంచి తలకిందులుగా జారి, మళ్లీ తిరగబడి ఎగరడం వచ్చు. "ఈ విద్యల వల్ల మన గూటికి ఒక్క మిడతైనా వచ్చిందా?" అని మీ అమ్మ కాటుక అడిగేది. నేను వినబడనట్టు ఉండేవాణ్ణి. అది కూడా నాకు బాగా వచ్చు.

మన కాకుల్లో ఒక పద్ధతి ఉంది. అడవిలో పెద్ద జంతువు ఏదైనా చచ్చి పడి ఉంటే, ముందుగా చూసిన కాకి ఎత్తయిన బండమీద కూర్చుని అందరినీ పిలవాలి. ఎందుకంటే మన ముక్కు ఎంత లావుగా ఉన్నా కణితి అనే పెద్ద జింక తోలు చీల్చలేదు. దానికి పళ్లు కావాలి. మన పిలుపు విని రేచుకుక్కలు వస్తాయి. అవే, ఆ ఎర్రటి అడవికుక్కలు. అవి తోలు చీల్చి తింటాయి. మిగిలింది మనం తింటాం. ఈ అడవిలో మనం కళ్లు, వాళ్లు పళ్లు.

ఆ వేసవి చాలా గడ్డుగా వచ్చింది. వాగు ఎండిపోయింది. కప్పలు మట్టిలోకి దూరిపోయాయి. గూట్లో మాకు రెండు పిల్లలు. ఎప్పుడు చూసినా ఎర్రటి నోళ్లు తెరిచే ఉండేవి.

ఒకరోజు పొద్దున్నే ఇరుకు లోయలో ఒక పెద్ద కణితి చచ్చి పడి ఉండటం చూశాను. ముసలిది. ఏ దెబ్బా లేదు. చుట్టూ చూశాను. పైకి చూశాను. ఎవరూ లేరు. పిలుద్దామని బండమీద కూర్చుని నోరు తెరిచాను.

తెరిచిన నోరు మళ్లీ మూసేశాను.

పిల్లలూ, నేను నోరు మూసుకున్నది నా జన్మలో ఆ ఒక్కసారే. అదీ మూసుకోకూడని చోట.

'పిలిస్తే పది కుక్కలొస్తాయి. ముప్పై కాకులొస్తాయి. పిలవకపోతే వానలు పడేదాకా ఇదంతా నాదే కదా' అనుకున్నాను. వెళ్లి పొట్టమీద ఒక్క పోటు పొడిచాను. టక్! తోలుమీద గీత కూడా పడలేదు. నా ముక్కు మాత్రం తోకదాకా ఝుమ్మంది. అటు పొడిచాను, ఇటు పొడిచాను. చివరికి నోట్లోకి ముక్కు దూర్చి, చిగుళ్ల దగ్గర నాలుగు మెత్తటి ముక్కలు పీక్కున్నాను. నాలుగే. ఏనుగంత తిండి ముందు పెట్టుకుని చీమంత తిన్నాను.

ఒక ముక్క గూటికి తీసుకెళ్లాను. మిగతా మూడూ అక్కడే ఆకు కింద పెట్టాను.

"ఎక్కడిది?" అంది కాటుక.

గుట్టుగా చెప్పాను.

"పిలిచావా?"

"లేదు. నా దగ్గర ఒక ఉపాయం ఉంది."

"ఏమిటది?"

"ఇంకా తట్టలేదు. తడుతుంది."

"ఏమయ్యా, ఈ ఎండకి ఆ తోలు రేపటికల్లా చెక్కలా బిగుస్తుంది. ఇప్పుడే వెళ్లి పిలువు. పిల్లలు ఆకలితో ఉన్నారు" అంది.

"నీకు అన్నిటికీ తొందరే" అని ఎగిరిపోయాను.

దారిలో తునికి చెట్టు మీద జిల్లేడమ్మ కూర్చుని ఉంది. ఆమె మన గుంపులో అందరికంటే ముసలి కాకి. అందరం అత్తా అనే పిలుస్తాం. ఆమె కంటి నుంచి ఏదీ తప్పించుకోలేదు.

"ఏరా అబ్బాయ్, ముక్కుకి ఆ ఎరుపేమిటి?" అంది.

నేను తడుముకోకుండా, "మోదుగ పువ్వులో తేనె తాగాను అత్తా" అన్నాను.

"మోదుగ పూలు రాలిపోయి నెలైంది కదరా?"

"ఒక్క పువ్వు మిగిలింది."

"ఆ ఒక్కటీ నీకే కనబడిందా?"

"నా చూపు అలాంటిది మరి."

అత్త ఇంకేమీ అడగలేదు. తల ఒక పక్కకి వంచి నన్ను చూసింది. అత్త మాట్లాడకపోతే భయపడాలని అప్పటికి నాకు తెలియదు.

కొంచెం ముందుకు వెళ్లేసరికి ఎర్రమ్మ ఎదురైంది. ఎర్రమ్మ రేచుకుక్కల మందకి పెద్ద. ఆమె వెనక తొమ్మిది కుక్కలు, నాలుగు కూనలు. అందరి నాలుకలూ బయటికి వేలాడుతున్నాయి.

"కారుమబ్బూ, మేం తిని రెండు రోజులైంది. కూనలు నడవలేకపోతున్నాయి. నీకేమైనా కనబడిందా?" అంది.

కారుమబ్బు నా పేరే. మీ అమ్మ కోపం వచ్చినప్పుడు మాత్రమే ఆ పేరుతో పిలుస్తుంది.

కూనల వైపు చూశాను. అయినా చెప్పేశాను. "తూర్పున పెద్ద వాగు దాటాక ఒక కుంటి జింక ఉంది. దగ్గరే."

అక్కడ జింక లేదు. లేని జింకకి కుంటితనం కూడా నేనే పెట్టాను. దగ్గర అన్నది కూడా అబద్ధమే.

"నీ మేలు మరిచిపోను" అని ఎర్రమ్మ మందని తూర్పుకి తిప్పింది. అన్నిటికంటే చిన్న కూన చివర్లో కాళ్లీడుస్తూ వెళ్లింది. వెళుతూ వెళుతూ వెనక్కి తిరిగి నన్ను చూసింది. నేను ఆకాశంలో ఏదో ఉన్నట్టు పైకి చూశాను.

ఇక లోయలో ఆకు కింద పెట్టిన మూడు ముక్కలూ తెచ్చి, దూరంగా దాచాలి కదా! ఒకటి రాయి కింద పెట్టి ఆకు కప్పాను. తల ఎత్తి చూస్తే ఎదురు కొమ్మమీద జిల్లేడమ్మ! సరే, అత్తని ఏమార్చాలని ఉత్తుత్తి దాపుడు మొదలుపెట్టాను. ఒకచోట గులకరాయి పెట్టి ఆకు కప్పాను. ఇంకోచోట ఏమీ పెట్టకుండానే కప్పాను. అలా మూడు చోట్ల నిజంగా, ఆరు చోట్ల ఉత్తుత్తిగా దాచాను. 'ఆహా, ఏం బుర్రరా నాది!' అని రెక్కలు విదిలించుకున్నాను.

సాయంత్రం వెతికితే మొదటి చోట గులకరాయి. రెండో చోట గులకరాయి. మూడో చోట ఉత్త మట్టి. తొమ్మిది చోట్లా తవ్వాను. ఏది నిజమో ఏది ఉత్తుత్తో నాకే గుర్తులేదు. ఒక్క ముక్క కూడా దొరకలేదు.

జిల్లేడమ్మ కొమ్మకి ముక్కు తుడుచుకుంటూ, "మోదుగ తేనె చాలా బాగుందిరా అబ్బాయ్" అంది.

ఆ రాత్రి పిల్లలు ఖాళీ కడుపుతో పడుకున్నారు.

తెల్లవారగానే మళ్లీ లోయకి వెళ్లాను. మీ అమ్మ చెప్పినట్టే తోలు చెక్కలా బిగుసుకుపోయింది. టక్ టక్ టక్ అని పొడుస్తూనే ఉన్నాను. దూరం నుంచి ఏదో అరుపు వినబడింది. పట్టించుకోలేదు. మళ్లీ వినబడింది. 'ఎవరో లే' అనుకున్నాను. మూడోసారి వినబడినప్పుడు గుర్తుపట్టాను. అది కాటుక గొంతు, నన్నే పిలుస్తోంది.

ఎగిరి వెళ్లేసరికి మన చెట్టు మానుమీద ఒక ఉడుము పాకుతోంది. గూటికి రెండు బారల దూరంలో ఉంది. కాటుక ఒక్కతే దాని తల మీద పొడుస్తోంది. నేను వెళ్లి తోక పట్టి లాగాను. ఉడుము ఒక్కసారి తోక ఝాడించింది. నేను వెళ్లి పక్క చెట్టుకి తగిలాను. కొండముచ్చులా అరిచి భయపెట్టాను. ఉడుము ఒక కన్ను మూసి తెరిచింది. అంతే.

"రండి! ఉడుము! ఉడుము!" అని అరిచాను.

కొండవాలులో ఉన్న కాకులన్నీ విన్నాయి. ఒక్కటీ లేవలేదు.

"అది కారుమబ్బు గొంతు. నెల కిందట రాలిపోయిన పువ్వులో తేనె తాగేవాడు. ఏ ఉడుమో, ఏ తొండో!" అన్నాయి.

అప్పుడు కాటుక పైకి లేచి ఒక్క కేక వేసింది. ఒక్కటే. ఆ కేకకి ముప్పై కాకులు నల్లటి మబ్బులా లేచి వచ్చాయి. ఒకటి తోక లాగితే ఒకటి కంటిమీద పొడిచింది. అందరికంటే ముందు జిల్లేడమ్మే ఉంది. ఉడుము చెట్టు మీంచి జారిపడి పొదల్లోకి పారిపోయింది.

కానీ ఆ గలాటాలో గూడు ఒరిగింది. పిల్లల్లో ఒకటి కింద పడిపోయింది.

కిందకి చూశాను. గలాటా విని వచ్చిన ఎర్రమ్మ తన మందతో చెట్టు కింద నిలబడి ఉంది. ఆమె ముందు కాళ్ల మధ్య నా పిల్ల. ఇంకా ఈకలు రాలేదు. నోరు తెరిచి ఎర్రమ్మనే తిండి అడుగుతోంది.

"నిన్న నువ్వు చెప్పిన జింక కోసం ఎండలో పొద్దుగూకేదాకా పరిగెత్తాం. చిన్న కూన అరికాళ్లు బొబ్బలెక్కాయి. ఇప్పుడు నా కాళ్ల దగ్గర ఒక గుటకంత మాంసం ఉంది. ఏం చేయమంటావు కారుమబ్బూ?" అంది ఎర్రమ్మ.

పిల్లలూ, నా బుర్ర సంగతి మీకు తెలుసుగా. వెంటనే ఇంకో అబద్ధం తయారుచేసి ఇచ్చింది. 'చిరుత వస్తోందని కేక వెయ్యి, పారిపోతారు' అంది. నోటిదాకా వచ్చింది. అంతలో ఆ చిన్న కూన కనబడింది. ఒక కాలు నేలకి ఆనించలేక ఎత్తి పట్టుకుని ఉంది.

నేను దిగి, ఎర్రమ్మ నోటికి అందేంత దగ్గరలో వాలాను.

"జింక లేదు ఎర్రమ్మా. అబద్ధం చెప్పాను. ఇరుకు లోయలో కణితి పడి ఉంది. నిన్న పొద్దున్నే చూశాను. అంతా నేనే తినాలనుకున్నాను. తోలు చీల్చడం నా వల్ల కాలేదు" అన్నాను.

కొమ్మమీంచి జిల్లేడమ్మ అంది: "తోలు చీలదని గుడ్డులోంచి వచ్చిన ప్రతి కాకికీ తెలుసు. ఈ తెలివైనవాడికి తెలియడానికి రెండు రోజులు పట్టింది."

కాకులన్నీ గొల్లున నవ్వాయి. ఎర్రమ్మ నవ్వలేదు.

"దారి చూపించు. ఈ కూన నీ పిల్ల పక్కనే కూర్చుంటుంది. అక్కడ కణితి లేకపోతే నేను తిరిగి ఇక్కడికే వస్తాను" అంది.

ఆ లోయదాకా నేను ఎలా ఎగిరానో నాకే తెలియదు. కణితిని ఏ అడవిపందులో లాక్కుపోయి ఉంటే? నిన్నంతా ఎవరికీ తెలియకూడదనుకున్నాను. ఇప్పుడు అది అక్కడే ఉండాలని, వాళ్లకి దొరకాలని దారి పొడవునా అనుకుంటూ వెళ్లాను.

కణితి అక్కడే ఉంది. నాలుగు కుక్కలు కాళ్లు తన్నిపెట్టి లాగితే గానీ తోలు చీలలేదు. ఎర్రమ్మ తను తినకుండా, ముందు ఒక పెద్ద ముక్క కరుచుకుని కూన దగ్గరికి పరిగెత్తింది.

నేను బండమీద కూర్చుని పిలిచాను. ఒక్క కాకీ రాలేదు. మళ్లీ పిలిచాను. రాలేదు. మూడోసారి పిలిస్తే జిల్లేడమ్మ ఒక్కతే వచ్చింది. లోయమీద ఒక చుట్టు తిరిగి, కళ్లారా చూసుకుని, తను పిలిచింది. అప్పుడు అందరూ వచ్చారు.

ఆ రోజు నా కడుపు నిండింది. అంతా నాదే అనుకున్నప్పుడు నాలుగు చిగుళ్ల ముక్కలు దొరికాయి. అందరితో తిన్నప్పుడు మెడదాకా దొరికింది. ఈ లెక్క కూడా రాని వాణ్ణి తెలివైనవాణ్ణి అనుకున్నాను చూడండి!

కింద పడిన పిల్లని మళ్లీ గూట్లోకి ఎక్కించలేకపోయాం. పొదలోనే ఉంచి, వంతులేసుకుని కాపలా కాసి మేపాం. బతికింది. కానీ పడ్డప్పుడు విరిగిన ఒక రెక్క వంకరగా అతుక్కుంది. మీ పెద్దక్క ఎగిరేటప్పుడు ఎందుకలా ఒక పక్కకి ఒరుగుతుందని నిన్న అడిగారుగా? అందుకే. అది నా తెలివి చేసిన పని. అక్క నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేది.

ఆ తర్వాత నేను పిలిచిన ప్రతిసారీ జిల్లేడమ్మ ముందు వెళ్లి చూసి వచ్చేది. తను సరేనంటేనే మిగతావాళ్లు కదిలేవారు. నేను "వాన వచ్చేలా ఉంది" అన్నా కూడా కాటుకని అడిగేవారు. అలా రెండు వేసవులు గడిచాయి.

మొన్న కొండవాలులో ఒక అడవిపంది పడి ఉంటే బండమీద నుంచి పిలిచాను. కాకులన్నీ నేరుగా అటు ఎగిరాయి. అత్త ఒక్కతే తునికి చెట్టుమీద నుంచి కదల్లేదు.

"ముందు వెళ్లి చూడవా అత్తా?" అన్నాను.

"ఎందుకురా అబ్బాయ్? నువ్వు పిలిచావుగా" అంది.

ఆ మాట విని నేను ఆ బండమీదే చాలాసేపు కూర్చుండిపోయాను. ఎంతసేపంటే, వెళ్లేసరికి అక్కడ ఎముకలే మిగిలాయి. మీ అమ్మ తన వంతులోంచి ఒక ముక్క తెచ్చి పెట్టింది.

నీతి: దొరికింది మనమొక్కరమే తినాలని అబద్ధమాడితే, ఆపద వచ్చిన రోజున మనం నిజంగా పిలిచినా ఎవరూ రారు.